తలుపు ఆగే సెకన్లు

లిఫ్టులు తయారుచేసే కంపెనీ ఆఫీసు. ఒకే కంప్యూటరు ముందు ఇద్దరు: భార్య పోయిన ఇంజనీరు, ఆమె తమ్ముడు. ఆమె కూడా అక్కడే పనిచేసేది.

“నాదే ఉంచు. ఆమెది తీసెయ్.”

“చదవకుండానేనా బావా?”

“చదవడానికేముంది?”

“లిఫ్టు ప్రోగ్రాంలో ఒకే లైను మీరూ అక్కా మార్చారు, చెరో కంప్యూటర్లో. కలపబోతే ఆగిపోయింది. ఏది ఉండాలో మెషీను చెప్పదు, మనమే చెప్పాలి.”

“చెప్పాగా. నాది.”

“అక్క పంపకుండా వదిలేసిన మార్పు ఇదొక్కటే. రేపు తన ల్యాప్‌టాప్ కంపెనీకి ఇచ్చేస్తే...”

“ఇచ్చెయ్.”

“తలుపు ఎన్ని సెకన్లు తెరిచి ఉండాలన్న లైను. ఆరు ఉండేది. మీరు నాలుగు చేశారు, అక్క తొమ్మిది చేసింది.”

“తొమ్మిదంటే లోపలున్నవాళ్ళు తిడతారు. కాళ్ళు పీకుతాయి.”

“తొమ్మిది సెకన్లకే?”

“నీకేం తెలుసు?”

“పాత రికార్డు చూశాను. మీ ఇద్దరి మార్పులూ పందొమ్మిదిసార్లు ఇలాగే ఢీకొన్నాయి. పందొమ్మిదిసార్లూ మీదే ఉంచారు.”

“ఒప్పుకునేది.”

“అడిగేవారా?”

“పని చూడు.”

“పక్కనే ఎందుకు మార్చిందో రాసింది. చదవనా?”

“వద్దు.”

“‘చక్రాల కుర్చీ సగం దాటకముందే తలుపు మూసుకుంటోంది. మా ఇంటి లిఫ్టులో ఐదుసార్లు చూశాను.’”

“వద్దన్నానా లేదా?”

“సాయంత్రానికి ఇది రెండువందల లిఫ్టుల్లోకి వెళ్తుంది బావా. ఆసుపత్రులవి కూడా ఉన్నాయి.”

“ఊఁ.”

“తెలియక నాలుగు పెట్టారు. సరే, అయిపోయింది. ఇప్పుడైనా...”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి నిద్రపోయింది. ఆ తొమ్మిది చూశాను. చూశాకే నాలుగు పెట్టాను.”

“ఎందుకు?”

“తొమ్మిదే ఉంచు. పంపించెయ్.”

“ఎందుకు బావా అంటే?”

“కొత్త ప్రోగ్రాం ఏదైనా ముందు మా ఇంటి లిఫ్టులోనే నడిపి చూస్తాంగా.”

“అయితే?”

“మీ అక్క ఆ కుర్చీలో రోజూ కిందికి దిగేది. నలుగురూ చూస్తుంటే నాకు నామోషీ. తలుపు మీదికొస్తే మానేస్తుందనుకున్నాను. మానేసింది.”