పన్నెండంగుళాల తెర

ఎత్తైన క్రేన్ మీద అద్దాల గది. మధ్యాహ్నం, కింద పని ఆపిన సమయం. క్రేన్ నడిపే బావ, తెరలు బిగించే బావమరిది.

"ఏడంగుళాలది చాలదురా. పీకెయ్. పదిది పెట్టు."

"పదిది పెడితే బరువు చూపించే మీటరు దాని వెనక్కి పోతుంది బావా."

"పోతే పోనీ. దాన్ని చూసి ఎన్నాళ్ళయింది గనక..."

"ఏమన్నావ్?"

"ఏమీ లేదు. పదిది పెట్టమన్నాను."

"మీటరు చూడకుండా ఎత్తుతున్నావా?"

"ఇరవై రెండేళ్ళ నుంచి ఎత్తుతున్నానురా! తాడు మూలుగు వింటే చాలు, బరువెంతో చెప్పేస్తా. నాకు పాఠాలు చెప్పకు, స్క్రూలు విప్పు."

"సరే, సరే. ఇదిగో, పదిది. కనిపిస్తోందా?"

"ఆ... బాగానే ఉంది."

"ఏం కనిపిస్తోంది?"

"కింద నేల."

"నేల మీద?"

"నేల మీద ఏముంటుందిరా, నేలే! పన్నెండుది తెచ్చావా, లేదా?"

"తెచ్చాను. అది పెడితే ముందున్న అద్దం సగం మూసుకుపోతుంది."

"మూసుకుపోనీ. అద్దంలోంచి చూసేదీ లేదు, పాడూ లేదు."

"బావా, కొక్కేనికున్న కెమెరా పాతదే కదా. తెర పెద్దదైతే బొమ్మ పెద్దదవుతుంది, అంతే. నీకు మసగ్గా ఉంటే ఆ మసకే పెద్దదవుతుంది."

"మసకని ఎవడన్నాడు?"

"నువ్వు అనలేదు. అందుకే అడుగుతున్నా."

"స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు. నేనే బిగించుకుంటా."

"నీ పక్కనే ఉంది."

"ఎక్కడ?"

"మోచేతి పక్కన. బావా... పోయిన నెలేగా కళ్ళ పరీక్ష పాసయ్యావు?"

"పాసయ్యాను."

"ఎలా?"

"ఆ గోడ మీది అక్షరాల బోర్డు ఇరవై రెండేళ్ళుగా మార్చలేదురా. పై వరస నుంచి కింది వరస దాకా నాకు నోటికొచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతా."

"మరి రోజూ సరుకెలా దించుతున్నావ్?"

"కింద నుంచి వాకీటాకీలో మేస్త్రీ చెబుతాడుగా. కుడికి, ఎడమకి, ఆపు. ఇద్దరం పాతవాళ్ళం, నడిచిపోతోంది."

"మొన్న ఇనప కడ్డీల కట్ట నడిచిపోయిందా?"

"గజం పక్కకి దిగింది. గజమే."

"ఆ గజంలో మనిషున్నాడు బావా! గెంతాడు కాబట్టి బతికాడు."

"తెలుసురా! తెలుసు! ఆ రోజు నుంచి ముద్ద దిగట్లేదు నాకు. ఎల్లుండి సేఫ్టీ ఇన్‌స్పెక్టరు పైకొచ్చి నా పక్కనే కూర్చుంటాడట. తెర మీద ఎవరున్నారో, ఏముందో చెప్పమంటాడట. అక్షరాలైతే అప్పజెబుతాను, మనుషుల్నెలా అప్పజెప్పను? నీ కాళ్ళు పట్టుకుంటా, పన్నెండుది పెట్టు."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఏ డాక్టరు?"

"బావా."

"ఆలస్యంగా వచ్చావన్నాడు. ఉన్న చూపు నిలబెట్టడానికి చూస్తాను, పోయింది తేలేనన్నాడు. క్రేన్ దిగెయ్యమన్నాడు. దిగి ఏం చెయ్యనురా? ఇంకో పని వచ్చా నాకు? నేల మీద నేనెవణ్ణి?"

"అక్కకి చెప్పావా?"

"చెప్పలేదు. నువ్వూ చెప్పకు. నా మీద ఒట్టు."

"ఒట్లెందుకులే. ఇదిగో, బిగించేశాను, పన్నెండంగుళాలు. ఇంతకంటే పెద్దది ఈ గదిలో పట్టదు. కళ్ళు తుడుచుకుని చూడు. కింద ఒకరున్నారు. కనిపిస్తున్నారా?"

"ఆగు, ఆగు... ఆ, ఉన్నారు! ఉన్నారురా! చెప్పానా, పెద్దది పెడితే కనిపిస్తుందని!"

"ఎవరు?"

"ఎవరంటే... పసుపు టోపీ. మేస్త్రీ. ఇంకెవరుంటారు? నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, రోజూలాగే."

"సరిగ్గా చూడు."

"చూశానుగా! మేస్త్రీయే. ఎల్లుండి ఇన్‌స్పెక్టరుకీ ఇలాగే టకటకా చెప్పేస్తా. ఏరా! ఏం, కాదా?"

"అది మా అక్క బావా. నేనే రమ్మన్నాను. ఇందాకట్నుంచీ రెండు చేతులూ ఎత్తి నీకే ఊపుతోంది."