మేకుకి లేని తాళంచెవి

హలో… ఆ, నేనేనక్కా. చెప్పు.

…ఆయాసమా? ఇప్పుడే మెట్లెక్కి వచ్చాను, అందుకు.

…తిన్నాను. …ఏదో ఒకటి. తిన్నానంటే తిన్నానే, నీతో అబద్ధమెందుకు.

…మీటింగుకా? వెళ్లాను. నిన్న సెలవు కదా, బ్లాకులో అందరూ ఉన్నారు. కింద సైకిళ్లు పెట్టేచోట కుర్చీలు వేశారు.

…ఆ, కౌన్సిలరమ్మే వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, మీ ఆయన చాలా మంచివాడమ్మా అంది. ఆవిడ ఆయన్ని చూసింది ఒక్కసారే, గేటుకి రిబ్బను కత్తిరించిన రోజు. …లేదు, కోపం రాలేదు. ఏమీ రాలేదు. ఎవరి చెయ్యో అన్నట్టు ఆవిడకి వదిలేసి కూర్చున్నాను.

…చెప్తున్నా, ఉండు. కౌన్సిల్ డబ్బు ఈ ఏడాది ఒక్కదానికే వస్తుందట. కారుతున్న పైకప్పు బాగుచేయిస్తారు, లేదా గేటు దగ్గర కాపలా మనిషిని పెడతారు. ఏది ముందో మీరే చేతులెత్తి చెప్పండి అన్నారు. కాపలా వద్దంటే మాత్రం గేటు కోసేస్తారట. మనిషి లేని గేటు ప్రమాదమని ఇప్పుడు తెలిసింది వాళ్లకి.

…అవును, చేతులు కాలాక ఆకులు. పక్కింటి టైలరూ అదే అన్నాడు, మొహం మీదే.

…అతన్నేమీ అనకక్కా. తాళంచెవి అతను పోగొట్టలేదు. …ఎవరు చెప్పారు నీకు? …నలుగురూ నాలుగు మాటలంటారు. అది అతని దగ్గర ఎప్పుడూ లేదు. మా ఇంట్లోనే, తలుపు పక్కన మేకుకి ఉండేది. గేటు చేసిన వెల్డరువి నువ్వే, తాళం కూడా నీ దగ్గరే ఉండనీ అని అందరూ కలిసి మీ మరిది చేతిలో పెట్టారు. చీకటి పడగానే వేసేవారు. ఎవరైనా ఆలస్యంగా వచ్చి గేటు కొడితే, చెప్పులు ఈడ్చుకుంటూ దిగి తీసేవారు.

…ఆయన పోయిన రోజా? …చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

…ఇప్పుడు చెప్తే ఏమొస్తుంది. …సరే, విను.

గుండెల్లో నొప్పన్నారు. అంబులెన్సుకి ఫోన్ చేశాను. సాయానికని టైలర్ తలుపు కొడుతున్నాను… అంతలోనే లేచి వెళ్లిపోయారు. చూస్తే మెట్ల మలుపులో పడి ఉన్నారు. …లైటు లేదు కదా అక్కడ.

అంబులెన్సు వచ్చి గేటు బయట ఆగింది. తాళమేది, తాళమేది అని అందరూ. పైకి పరిగెత్తాను. మేకుకి లేదు. దిండు కింద చూశాను, చొక్కా జేబులు చూశాను, వంటింట్లో డబ్బాలు బోర్లించాను. కింద టైలరు వాళ్లు ఇనపరాడ్డు పెట్టి గేటు పెకలిస్తున్నారు. …ఊడితే కదా. ఏనుగొచ్చి కుమ్మినా నా గేటు కదలదనేవారు మీ మరిది. నిజమే చెప్పారు.

…చివరికి అంబులెన్సతను గోడ దూకాడు. నాడి చూద్దామని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

…పిడికిట్లో ఉందక్కా తాళంచెవి.

…అదే. వాళ్లకి గేటు తియ్యాలని తనే బయల్దేరారు. రోజూ దిగినట్టే.

…అక్కా. …అక్కా, ఏడవకు. నువ్వేడుస్తుంటే నాకేం చెయ్యాలో తెలియట్లేదు. నాకు రావట్లేదు. …గుండె రాయి చేసుకోలేదు, ఏమీ చేసుకోలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడు, అలా ఉంది.

…చేతులా? సగం మంది కప్పుకెత్తారు, సగం మంది కాపలాకెత్తారు. అప్పుడందరూ నా వైపు చూశారు. …ఆ, గేటు తీసేయండి అని నేనంటే తీసేసేవారే. నోరు మెదిపేవాళ్లు లేరు.

…అనలేదు.

…ఎందుకంటే ఏం చెప్పను? టైలర్ కూతురు ఎదురుగానే కూర్చుంది. ప్యాకింగ్ పని నుంచి చీకటి పడ్డాకే వస్తుంది. గేటు లేనప్పుడు ఒకడు మెట్ల కింద నక్కి దాని నోరు నొక్కేశాడు… ఆ గొడవకే కదా గేటు వచ్చింది. గేటు పెట్టాకే మళ్లీ పనిలోకి వెళ్లింది. నిన్న అది చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. దాని పక్కనే పై అంతస్తు ముసలావిడ. వానొస్తే మంచం మీద గిన్నె పడుకుంటుంది, ఆవిడ కూర్చుంటుంది.

…లేచి చెప్పాను. కప్పు బాగుచేయించండి, గేటు ఉండనివ్వండి. తాళం నేను వేస్తాను, నేను తీస్తాను అన్నాను.

…పిచ్చేనేమో. …కౌన్సిలరమ్మ ముందు కుదరదంది. రెండో తాళంచెవి చేయించి టైలర్ ఇంట్లో పెడితే సరేనంది. …అవును, రెండోది. ఇంకా చేయించాలి. గేటు పెట్టినప్పుడు ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. తాళం ఆయన దగ్గరుంది, ఇంకేం భయం అనుకున్నాం.

…మీ ఇంటికా? …బావగారు చెప్పారు. గది ఖాళీ చేయించావట, మంచం కూడా వేశావట. …రాలేనక్కా. …అలిగి కాదు. సాయంత్రమైతే ఇక్కడ నేనుండాలి కదా.

…ఇందాక తాళం వేసినప్పుడా? ఏమీ అనిపించలేదు. తాళం వేశాను, పైకొచ్చాను, మేకుకి తగిలించాను. అంతే.

…ఉండు. గేటు కొడుతున్నారు. …ఆ పిల్లే అయ్యుంటుంది, పని నుంచి వచ్చే వేళ.

…వింటున్నా, చెప్పు. …మేకుకి లేదే.

…లేదక్కా. తగిలించాననుకున్నాను. …బల్ల మీదా లేదు. …కంగారు కాదు, ఒక్క నిమిషం…

…

…ఉంది. నా చేతిలోనే ఉంది. నీ ఫోన్ ఎత్తినప్పటి నుంచీ పిడికిట్లోనే ఉన్నట్టుంది. …అచ్చు పడింది అరచేతిలో.

…నొప్పి పుడుతోందక్కా.

…ఆ, ఏడుపే. …ఇప్పుడే వస్తోంది. …వద్దనకు, ఏడవనీ. గేటు తీసొచ్చి ఏడుస్తాను.

వస్తున్నానమ్మా, వస్తున్నా… అక్కడే ఉండు… పెట్టేస్తున్నానక్కా.