గోడకు వేలాడిన రొట్టె

ఆ పిల్లను ఆకలితో మాడ్చింది మీరే. ఈ కాగితం చదువుతున్న మీరే. మెడలో పతకం పడితే చప్పట్లు కొట్టారు, మెడ ఎముకలు బయటపడితే క్రమశిక్షణ అన్నారు. దర్యాప్తు అధికారి గారూ, ఈ మాట కొట్టెయ్యకుండా రాసుకోండి.

నా పేరు ఉల్జాన్ తోక్తోబాయెవా. వయసు యాభై రెండు. కొండల్లోని మా ఊరు నరీన్‌లో బడిపిల్లలకు చరిత్ర చెబుతాను. కుస్తీ పట్టే జిపార్ నా చెల్లెలు సైరా కూతురు. పంతొమ్మిదేళ్లు.

పోయిన సోమవారం ఉదయం ఏడింటికి జిపార్ రాజధాని బిష్కెక్‌లో కుస్తీ పోటీలకు బయలుదేరింది. మాలో దూరం వెళ్లేవాళ్లు గడప దాటే ముందు రొట్టె కొరుకుతారు. మిగిలింది గోడకు వేలాడదీస్తాం. తిరిగొచ్చి వాళ్లే దాన్ని తినాలి. సైరా రొట్టె పట్టుకుని నిలబడింది. జిపార్ బరువు తన విభాగం దాటకుండా కాపలా కాసే శిక్షకుడు ఎర్కిన్‌బెక్ కారులోంచి అరిచాడు:

"ఏం వదినా, నా తూకం పాడుచేస్తావా? వాసన చూడమను, చాలు!"

అందరూ నవ్వారు. జిపార్ కూడా నవ్వింది. కొరికింది. కారు వెనక్కి వెళ్లి రుమాల్లో ఉమ్మింది.

"అక్కా, పంటిగాటు చూడు, ఎంత పెద్దదో!" అని సైరా మురిసిపోతూ రొట్టెను మేకుకు తగిలించింది. గాటు పడితే తిన్నట్టేనని మా లెక్క.

నేనూ అదే కారెక్కాను. "మింగాల్సింది కదే తల్లీ" అన్నాను.

"మింగితే అది నాలో ఉండిపోతుంది పెద్దమ్మా" అంది.

బుధవారం సాయంత్రం ఆఖరి పోటీ. జిపార్ ఎదుటి పిల్లను నడుం పట్టి గాల్లోకి లేపింది. ఏం తిని లేపింది? చెప్పండి, ఏం తిని? పతకం వేసే మెట్టెక్కుతూ కూలిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది: "ఇది ఒక్క పోటీతో వచ్చింది కాదు. తిండంటే భయపడే జబ్బు, ఏళ్లుగా ఉంది. గుండె కూడా బలహీనపడింది. ఇంకోసారి బరువు దించితే బతకదు."

గురువారం ఎర్కిన్‌బెక్ ఆస్పత్రికి వచ్చాడు. "కింది బరువు విభాగానికి సగం దిగనే దిగావు అమ్మాయ్, ఇంకాస్త తగ్గితే ఆ పతకం కూడా మనదే!"

సిగ్గులేదా అన్నాను.

"పుస్తకాలవాళ్లకు కుస్తీ ఏం తెలుసక్కా?"

"చరిత్ర తెలుసు బాబూ. జాతి పరువు పేరు చెప్పి పరాయి కడుపులు మాడ్చినవాళ్లు అందులో బోలెడుమంది."

శనివారం సైరా మేకుకు ఉన్న రొట్టెను నరీన్ నుంచి తీసుకొచ్చింది. మనిషి రాకుండా దాన్ని దించకూడదు. దించింది. "నువ్వు ఇంటికి రాలేకపోతే ఇల్లే నీ దగ్గరికొచ్చిందే" అంది. డాక్టరమ్మ సరేనంది. రొట్టె రాయిలా ఉంది. జిపార్ తన పంటిగాటు చాలాసేపు చూసింది. ఓ ముక్క టీలో ముంచింది. మనిషిని లేపిన రెండు చేతులతోనూ ఆ చిన్న ముక్కను పట్టుకుంది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమిలింది. మింగింది. బుధవారం చూసిందే బలమనుకున్నాను. కాదు. ఇదీ బలం.

కళ్లారా చూసిందీ చెవులారా విన్నదీ తప్ప ఒక్క ముక్క కలపలేదు. మీరు రాసుకున్నది చదివి వినిపించారు, సరిగానే ఉంది. నా సంతకానికి పైనే ఈ కోరికలూ ఉండాలి:

ఎర్కిన్‌బెక్ ఇంకే ఆడపిల్లకూ శిక్షణ ఇవ్వకూడదు.

పోటీ ఆపే అధికారం డాక్టరుకు ఉండాలి.

జిపార్ వైద్యం ఖర్చు కుస్తీ సంఘమే భరించాలి.

ఆమె ఎంత బరువున్నా జట్టులో చోటు ఉంచాలి.

మిగిలిన రొట్టె ఆమె తినేదాకా ఎవరూ ఆమెను తూచకూడదు.

ఉల్జాన్ తోక్తోబాయెవా