ఒక మనిషికి రెండు సైకిళ్ళా?

నన్నా? దాన్ని నన్ను తుడవమంటున్నావా? ఒరేయ్ విల్మర్, నోటితో అడగలేక పలక మీద రాస్తే మాత్రం సిగ్గుండక్కర్లేదట్రా? ఆ సైకిల్ ఇంటికొచ్చిన రోజే చెప్పాను, దాని మీద నా చెయ్యి పడితే విరగ్గొట్టడానికే పడుతుందని.

తుడవను. నాలుగింటికి కొనుక్కునే ఆయన వస్తున్నాడుగా తుంహా పట్నం నుంచి, ఆయనే తుడుచుకుంటాడు. పైగా పళ్ళ డాక్టరట! నీ దవడ విరిగి, పైపళ్ళూ కిందపళ్ళూ కలిపి తీగలతో బిగించేసి ఉంటే, నీ సైకిల్ కొనడానికి పళ్ళ డాక్టరే దొరకాలా? దేవుడిక్కూడా వెటకారం ఎక్కువైంది.

ముందు ఆ సూప్ తాగు. బంగాళదుంప మెత్తగా ఉడకబెట్టి రెండుసార్లు వడగట్టాను. స్ట్రా పక్కనుంచి పెట్టుకో. అలా కాదు, పక్కనుంచి! ఇరవై రోజులైంది, ఇంకా తాగడం రాలేదు. ఈత మాత్రం వచ్చింది మహానుభావుడికి.

నవ్వకు, నొప్పెడుతుంది. నిన్ను నవ్వించడానికి చెప్పట్లేదు నేను.

అసలు ఒక మనిషికి రెండు సైకిళ్ళెందుకురా? రెండేళ్ళ కిందట అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నా. మన దుయితామాలో సైకిల్ తొక్కనివాడెవడు? చర్చి ఫాదరు తొక్కుతాడు, మంత్రసాని తొక్కుతుంది, ఎదురింటి ముసలమ్మ కోళ్ళకి మేత తేవడానికి తొక్కుతుంది. అందరికీ తలా ఒకటి. అయ్యగారికి మాత్రం రోడ్డు సైకిల్ ఒకటి, ట్రయాథ్లాన్ సైకిల్ ఒకటి! లారీ బాడీల షెడ్డులో వెల్డింగ్ చేసుకునేవాడివి, ఉన్న మోటార్‌సైకిల్ అమ్ముకుని మరీ కొన్నావు.

ఎంత నచ్చజెప్పావు నాకు! భోజనాల బల్ల మీద చెంచాలు పేర్చి, ఇది సీటక్కా, ఇది హ్యాండిలక్కా అంటూ. ట్రయాథ్లాన్ దానికి సీటు ముందుకుంటుందట. ముందున్న కడ్డీల మీద మోచేతులు ఆనించి పడుకున్నట్టు తొక్కితే గాలి అడ్డం రాదట, కాళ్ళు పరుగుకి మిగులుతాయట. కాళ్ళు మిగలడమేంట్రా, అవేమన్నా రాత్రి కూరా?

నేనేమన్నాను? అంత మోజుగా ఉంటే ఉన్న రోడ్డు సైకిల్‌కే ఆ కడ్డీలు బిగించుకో, పోటీ అయ్యాక పీకేద్దువుగాని అన్నాను. అన్నానా లేదా? తల ఊపు. ఆఁ. దానికి నువ్వేమన్నావు? "అక్కా, చెప్పులేసుకునీ పరిగెత్తొచ్చు, బూట్లేసుకునీ పరిగెత్తొచ్చు, రెండూ ఒకటేనా?" అన్నావు. నీ చమత్కారానికి నువ్వే నవ్వుకున్నావు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడితో ఎవరు వాదిస్తారు? పోయి గిన్నెలు కడుక్కున్నాను.

ఇంతా చేసి ఎక్కడికయ్యా అంటే కార్తహేనాలో ట్రయాథ్లాన్ పోటీకి! కొండల్లో పుట్టినవాడికి సముద్రమెందుకో. ఆ ఉప్పునీళ్ళలో ఈదాలట, ఎండలో తొంభై కిలోమీటర్లు తొక్కాలట, దిగి పరిగెత్తాలట. ఎవరన్నా తరుముతున్నారా నిన్ను? ముప్పై ఆరో ఏట ఈత నేర్చుకోవడానికి పైపా సరస్సులో దిగావే, ఆ చలిలో రువానా కంబళి కప్పుకుని ఒడ్డున తాడు పట్టుకుని నిలబడ్డదెవరు? నాకు ఈత వచ్చా, చచ్చా? నువ్వు మునిగితే తాడు విసురుదామని నిలబడ్డాను. ఆరు నెలలు నిలబడ్డాను.

అంటే నేను నీ ఈతకి అడ్డం రాలేదు. అది గుర్తుపెట్టుకో.

నాకు ఆ సైకిల్ మీద ఎందుకు కోపమో నీకు తెలుసా? తెలీదు. ఎప్పుడన్నా అడిగితేగా! పంతొమ్మిదేళ్ళు, ఆదివారం వచ్చిందంటే పొద్దున్న ఆరింటికి మన సైకిళ్ళ గుంపు, నా పక్కన నువ్వు. మిగతా ఆరు రోజులూ నేను పాల లారీ తోలుకుంటాను. ఎవరితో మాట్లాడతాను, పాల క్యాన్లతోనా? మొగుడు లేడు, పిల్లా జెల్లా లేరు. నాకున్నది ఆ ఒక్క పూట. ఏం మాట్లాడుకునేవాళ్ళం, ఏమీ లేదు. ఎవరి కూతురు ఎవరితో పోయింది, ఎవరి ఆవు ఈనింది. మధ్యలో ఆగి వేడి బెల్లం నీళ్ళలోకి చీజ్ ముక్కలు నంజుకుని మళ్ళీ ఎక్కడం. నాకదే చాలు. అంతకన్నా ఏం అడగలేదు నేను ఎవర్నీ.

ఈ రెండోది వచ్చింది, నెలకి రెండాదివారాలు మాయం. ఆ తర్వాత మూడు. "దీన్ని ఒక్కణ్ణే తొక్కాలక్కా, గుంపులోకి తేకూడదు, మోచేతుల మీదుంటే బ్రేకులు చేతికందవు" అంటావు. మరి పదిమందిలోకి తేకూడని సైకిల్ మనిషికెందుకురా?

పైగా తెచ్చావు!

పోటీ ఇంకో ఆరు వారాలుందనగా, రోడ్డు మీద అలవాటు కావాలి, ఒక్క ఆదివారం రానివ్వండని పార్మేనియో గారిని బతిమాలావు. పెద్దాయన, అరవై ఎనిమిదేళ్ళు, ఊరంతా ఉత్తరాలు పంచి రిటైరైనవాడు. గుంపులో ఆయన మాటే చట్టం. "అందరికంటే చివర ఉండు నాయనా, మోచేతుల మీదకి దిగకు. ముందుకొచ్చావో, నీ సైకిల్ నీ నెత్తిన పెట్టి ఇంటికి పంపిస్తా" అన్నాడు. నువ్వు సరేనన్నావు.

ఉన్నావు కూడా. నలభై కిలోమీటర్లు బుద్ధిగా చివరే ఉన్నావు. నేను ముందుండి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

పైపా రోడ్డు చదునుగా వచ్చేసరికి మాత్రం ముందుకొచ్చావు. పన్నెండుమందిని దాటుకుని నా వెనకే చేరావు, మోచేతుల మీదకి దిగావు. గుంటలో చక్రం పడి దభీమని చప్పుడు. నేను తిరిగి చూసేసరికి నువ్వు మొహం మీద పడున్నావు. నీ వెనకున్న పార్మేనియో గారు నిన్ను తప్పించలేక గాల్లోకి లేచి రోడ్డు మీద పడ్డాడు. తుంటి విరిగింది. ఆయన మళ్ళీ సైకిలెక్కుతాడో లేదో డాక్టర్లకే తెలీదు.

ఏం రాస్తున్నావు? ఆఁ, తెలుసు. "తప్పు నాదే." ఇరవై రోజుల నుంచీ అదే రాసి అదే చెరుపుతున్నావు. ఇంకో మాట రాదా నీకు?

నువ్వెందుకు ముందుకొచ్చావో రాయవేం? ఎవరు పిలిచారో రాయవేం? నేనే కదా పిలిచింది. "రారా, నీ రాకెట్టు ఎంత పోతుందో చూద్దాం, లేకపోతే అది గోడకి తగిలించుకోడానికేనా?" అని అరిచాను. అందరూ విన్నారు, అందరూ నవ్వారు. అక్క సరదాకి అంది, తమ్ముడు పొగరుకి పోయాడు, అంతే వాళ్ళకి. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అంతా నీ మీద పడింది.

గుంపంతా ఇక్కడికొచ్చి, ఇదే గదిలో, నీ మంచం చుట్టూ నిలబడ్డారు చూడు. ఒక్కరన్నా కూర్చున్నారా? "ఆ సైకిల్ మళ్ళీ మా కంట పడకూడదు" అన్నారు. నువ్వు వెంటనే పలక తీసుకుని రాశావు. అమ్మేస్తాను, కార్తహేనా మాట ఇక ఎత్తను, రోడ్డు సైకిలొక్కటే ఉంచుకుంటాను అని. ఈ ఏడు పోటీ పోతే పోయింది, వచ్చే ఏడు లేదూ? కాదట, జన్మలో వద్దట. ఈత టోపీ తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశావు. వాళ్ళు నీ భుజం తట్టి వెళ్ళారు. మెట్ల దగ్గర ఒకావిడ నన్ను కావలించుకుని, "మీ తమ్ముడు నోట్లో వేలు పెడితే కొరకలేనివాడు, ఆ మాయదారి సైకిలే వాణ్ణి చెడగొట్టింది" అంది. ఇప్పుడు నిజంగానే కొరకలేవు కదా, తీగలు కట్టారు. నేనూ అవునన్నట్టు తల ఊపాను.

నేను రెండేళ్ళు మొత్తుకున్నదే జరిగింది. ఒక మనిషికి ఒకటే సైకిల్. వచ్చే ఏడు నుంచి ప్రతి ఆదివారం నా పక్కనే ఉంటావు. ఎగిరి గంతెయ్యాలి కదా నేను? మరి నాకు ముద్దెందుకు దిగట్లేదు? నీకైతే సూపన్నా దిగుతోంది.

కింద గంట కొడుతున్నారు. డాక్టరే అయ్యుంటాడు. ఇంకా నాలుగు కాలేదే! కొట్టనీ.

లేవకు. కూర్చో అన్నానా? కూర్చో విల్మర్.

గుంపులో అందరికంటే ముందున్నవాళ్ళ పనేంటి? నువ్వు గుంపులో చేరిన రోజే నీకు నేర్పింది నేనే. వెనకున్నవాడికి ముందున్నవాడి వీపు తప్ప రోడ్డు కనపడదు. అందుకే గుంటొచ్చినా రాయొచ్చినా ముందున్నవాళ్ళు చెయ్యి కిందికి చాపి చూపించాలి. వాడు చూసుకుని తన వెనకవాడికి చూపిస్తాడు. ఆ చెయ్యి నమ్ముకునే కదా అందరూ తలొంచుకుని తొక్కేది?

ఆ రోజు ముందెవరున్నారు?

గుంట చూడలేదని చెప్పాను. పోలీసాయనకి చెప్పాను, గుంపుకి చెప్పాను, తుంటికి కట్టు కట్టించుకుని పడుకున్న పార్మేనియో గారికి చెప్పాను. ఆసుపత్రిలో నీ చెయ్యి పట్టుకుని నీకూ చెప్పాను.

చూశాను. దూరం నుంచే చూశాను. నీళ్ళు నిలబడి ఉన్నాయి అందులో. వారానికి ఆరు రోజులు పాల లారీని దాని పక్కనుంచి తిప్పుకుని పోయేదాన్ని, నాకు తెలీదట్రా ఆ గుంట? నా సైకిల్ పక్కకి తిప్పుకున్నాను. చెయ్యి మాత్రం హ్యాండిల్ మీద నుంచి తియ్యలేదు.

మర్చిపోయానంటే నువ్వు నమ్మేస్తావు. నాకు తెలుసు, అందుకే ఆ మాట అనట్లేదు. మర్చిపోలేదు. వెనక్కి చూశాను, నువ్వు దాని మీద బోర్లా పడుకుని, తల వంచుకుని, ఎంత హాయిగా ఉన్నావో! నా పక్కన తొక్కిన పంతొమ్మిదేళ్ళలో నీ మొహం ఎప్పుడూ అలా లేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఒక్క కుదుపు తగలనీ, దిగుతుంది పొగరు అనుకున్నాను. టైరు పగులుతుంది, మొహం మాడ్చుకుంటావు, దీన్ని అటకెక్కిస్తావు, అంతే అనుకున్నాను. దవడ అనుకోలేదు. ముసలాయన తుంటి అనుకోలేదు. కానీ నువ్వు పడాలనైతే అనుకున్నాను. అది అబద్ధం కాదు.

గంట వినపడుతోంది, నాకేం చెవుడు లేదు. వెళ్ళి ఆయన్ని పొమ్మంటాను. అమ్మట్లేదని చెబుతాను. రెండూ ఉంచుకో, కావాలంటే ఇంకో నాలుగు కొనుక్కో, నాకేంటి. అటునుంచటే పార్మేనియో గారింటికెళ్తాను. నీకు చెప్పింది ఆయనకీ చెబుతాను. చేతికందింది విసురుతాడు. విసరనీ. ఆదివారం గుంపు నా మొహం చూడదు. చూడకపోతే మానె, నాకూ ఆ మొహాలు చూసే ధైర్యం లేదు.

అలా చూడకు. ఏదన్నా రాయి. బూతులు రాసినా సరే, చదువుకుంటాను.

ఏంట్రా ఇది? ఒద్దొద్దు, ఏడవకు. ఒరేయ్, ఏడిస్తే ముక్కు మూసుకుపోతుందిరా, నోరు కట్టేసుంది, ఊపిరెలా తీస్తావు! నా మాట విను, నా మీద కోపం తెచ్చుకో. కోపానికి ఊపిరాడకపోవడమంటూ ఉండదు. తెచ్చుకో. నీ మీద నేను తెచ్చుకోలేదూ?