హాల్డెన్‌షా పొగగొట్టానికి తగిన మాట

ఆ పొగగొట్టం ఎంత ఎత్తని అడిగితే హాల్డెన్‌షా ఊళ్ళో ఏ ఇద్దరూ ఒక్క మాట చెప్పరు. సీత్ గ్రిమ్‌షా అయితే ఒక్కడే మూడు మాటలు చెబుతాడు, వినేవాడు ఎంత అమాయకుడో చూసుకుని. నూలుమిల్లు మూతబడి ఆరేళ్ళయింది. వచ్చే శనివారం పొగగొట్టాన్ని కూలుస్తున్నారు. అడుగున ఇటుకలు తీసేసి, ఆ చోట కర్రదుంగలు నిలబెట్టి, దుంగలకు నిప్పు పెడతారు. ఆ నిప్పు పెట్టే గౌరవం దాని కొసదాకా ఎక్కిన మనిషికే దక్కాలని కమిటీ తీర్మానించింది.

కమిటీ కార్యదర్శి మిస్ డోరిస్ హోల్ట్, బడిలో టీచరు, ఊరికి కొత్త. గురువారం మధ్యాహ్నం సంత పక్కన టీ దుకాణంలో కూర్చుని కరపత్రం రాస్తోంది. రెండు ఖాళీలు మిగిలాయి. ఒకటి నిప్పు పెట్టేవాళ్ళ పేరు, రెండోది పొగగొట్టానికి ముందు పెట్టాల్సిన విశేషణం. సాయంత్రానికి అచ్చుకివ్వాలి. ఆవిడ ఎదుట సీత్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డెబ్బై రెండేళ్ళు వచ్చినా అతని పేరు ఏ కాగితం మీదా అచ్చు కాలేదు. అందుకే ఆ మొదటి ఖాళీ మీద ప్రాణాలు పెట్టుకున్నాడు. పొగగొట్టాలు ఎక్కి మరమ్మతులు చేసే జాబెజ్ టాటర్సాల్‌తో అతను పందొమ్మిదేళ్ళు పనిచేశాడని ఊరందరికీ తెలుసు. జాబెజ్ పోయాడు. ఇద్దరిలో ఎవరు ఏ పని చేశారో విడదీసి అడిగినవాళ్ళు లేరు.

"'టాల్' అని రాశాను," అంది డోరిస్.

"టాలా? టాల్ అంటే మా తోడల్లుడు టాల్. గుమ్మం దగ్గర తల వంచుతాడు, అంతే. దీన్ని అలా అంటే అది చిన్నబుచ్చుకుంటుంది తల్లీ. నేను మొదటిసారి ఎక్కిన రోజు చెబుతా విను. భుజాన సున్నం సంచి, చేతిలో వేడివేడి టీ డబ్బా. నిచ్చెన మీద నిచ్చెన కట్టుకుంటూ పోయా. కొస చేరి మూత తీస్తే టీ గడ్డకట్టేసింది. ఉలితో కొట్టి ముక్కలు చప్పరించా."

"నవంబరేమోలే," అన్నాడు పక్క బల్ల మీది కసాయి నార్మన్.

"జూలై నెల. పాలు కూడా విడిగా గడ్డకట్టాయి."

డోరిస్ టాల్ కొట్టేసి, 'లాఫ్టీ' అని రాసి చూపించింది. సీత్ మొహం చిట్లించాడు.

"అది చర్చి పైకప్పుకు బాగుంటుంది, పాదిరి గారి ఆశయాలకు బాగుంటుంది. మసి పట్టిన ఇటుకలకు నప్పదు. అసలు ఆ పైన ఏమైందో తెలుసా? కింద గంట కొడితే ఆ మోత మెల్లిగా ఎక్కీ ఎక్కీ రావాలి కదా. ఆదివారం చర్చి గంట నాకు మంగళవారం వినిపించేది. సరే ఆదివారమే కాబోలనుకుని మంగళవారం పని మానేసి ప్రార్థన చేసుకునేవాణ్ణి. ఆదివారం మాత్రం సుత్తి పట్టుకుని దడదడ బాదేవాణ్ణి. పాదిరి గారు కిందనుంచి తిట్టారట. ఆ తిట్లు గురువారానికి అందాయి."

దుకాణం యజమానురాలు మిసెస్ పిల్లింగ్ కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "మరి భోజనానికి పిలిస్తే?"

"పిలుపు అందేసరికి భోజనం చల్లారిపోయేది. ఎన్ని భోజనాలు పోయాయో చెప్పలేను."

వెనక తలుపు తెరుచుకుని ఎవరో వచ్చి కూర్చున్నారు. సీత్ చూసుకోలేదు. మాట ఊపులో ఉన్నవాడికి వీపు వెనక లోకం ఉండదు.

"'టవరింగ్'?" అంది డోరిస్.

"కొంచెం దగ్గరికొచ్చావు. కానీ అది కోపానికి కూడా వాడతారు. మా అత్తగారి కోపం టవరింగే. ఒకసారి సోమవారం పొద్దున పైనుంచి సుత్తి జారింది. అయ్యో అనుకున్నా, పని ముగించుకున్నా, దిగా, ఇంటికెళ్ళి పడుకున్నా. బుధవారం మేస్త్రీతో మాట్లాడుతూ, అయ్యా ఒక్క అడుగు పక్కకు జరగండి అన్నా. జరిగాడు. సుత్తి దిగింది."

నార్మన్ దగ్గాడు. డోరిస్ నవ్వు ఆపుకుంది. "అయితే 'స్కై-హై' అని రాసేద్దామా మిస్టర్ గ్రిమ్‌షా?"

"ధరలకు పెట్టే మాట అది, అయినా రాయి. ఎందుకంటే నేను ఆకాశం దాకా పోయా. నిజం. చివరి నిచ్చెన కట్టి తల పైకెత్తితే ఎదురుగా గడప. ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని, మన ఆడవాళ్ళు పొద్దున్నే రుద్దినట్టే, గడప అంచుకు రాయి పెట్టి రుద్దుతోంది. తెల్లగా మెరిసిపోతోంది. నేను కాలు ఎత్తానో లేదో, 'ఆ మసి బూట్లతో నా గడప తొక్కావంటే చూసుకో' అంది. ఇంకేం చేస్తా? అప్పుడే రుద్దిన గడప తొక్కేంత తెగువ ఈ జిల్లాలో ఎవరికుంది? దిగొచ్చేశా. లేకపోతే లోపలికి పోయేవాణ్ణే."

మిసెస్ పిల్లింగ్ పక్కున నవ్వింది. డోరిస్ పెన్సిలు మొదటి ఖాళీ మీదికి వెళ్ళింది. "సరే, పేరు సీత్ గ్రిమ్‌షా అనేనా?"

"గ్రిమ్‌షాలో ఒకటే ఎస్సు," అంటూ తల ముందుకు వంచాడు సీత్, ఎలా రాస్తుందో చూద్దామని.

"సీత్," అంది వెనకనుంచి ఒక గొంతు.

జాబెజ్ భార్య ఎలెన్ టాటర్సాల్. సీత్‌కు చెవులు వేడెక్కాయి.

"మా ఆయన దాన్ని ముప్పై ఏళ్ళు ఎక్కి దిగాడు. ఎంత ఎత్తు అని అడిగితే, పర్లేదు అనేవాడు. అంతకంటే ఒక్క ముక్క రాల్చలేదు. టవరింగూ లాఫ్టీ, ఇవన్నీ కింద నిలబడి మెడ ఎత్తినవాడి మాటలు సీత్. పైన ఉన్నవాడికి అది కాళ్ళ కింద ఉంటుంది. దానికి పెద్ద పేర్లు పెట్టాల్సిన పనేముంది?"

ఎవరూ నవ్వలేదు. సీత్‌కు సిగ్గేసింది, మామూలు సిగ్గు కాదు, అక్కణ్ణించి లేచిపోదామనిపించేంత. "నేను ఎక్కలేదమ్మా," అన్నాడు డోరిస్‌తో. "ఒక్క నిచ్చెన కూడా."

"ఎక్కలేదు," అంది ఎలెన్. "కింద తాడు పట్టుకున్నాడు. మా ఆయన కూర్చున్న పలకకు ఆ తాడే ఆధారం. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి వదల్లేదు. అందుకే మా ఆయన ముసలివాడై తన మంచం మీద పోయాడు. సీత్, ఎన్నెన్నో చెప్పావు, ఆ ముక్క ఎన్నడూ ఎందుకు చెప్పుకోలేదయ్యా?"

డోరిస్ 'స్కై-హై' కొట్టేసి, మళ్ళీ 'టవరింగ్' అని రాసింది, కరపత్రం చదివేది కిందివాళ్ళేనని. నిప్పు పెట్టేది ఎవరన్న చోట, ఎలెన్‌ను అడిగి, జాబెజ్ తరఫున ఆవిడ పేరు రాసింది. దాని కింద కొత్తగా ఇంకో గీత గీసి, తాడు పట్టినవాడు సీత్ గ్రిమ్‌షా అని రాసి, తలెత్తింది.

"బాగా బరువుండేదా, ఆ తాడు?"

నార్మన్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మిసెస్ పిల్లింగ్ కెటిల్ కింద పెట్టింది. సీత్ తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"ఉండేదమ్మా," అన్నాడు. "గాలి ఉన్న రోజుల్లో, కొంచెం."