నాలుగో పేరు

మధ్యాహ్నం రెండుంపావు. విశాఖ ఫిషింగ్ హార్బర్ కంట్రోల్ రూంలో దుర్గారావు. పూడిమడక ఒడ్డున కొత్తగా పెట్టిన స్టేషన్లో హేమశ్రీ. మధ్యలో ఫోను.

“బావా, మళ్లీ పడిపోయింది. లింకు వత్తంది, నిమిషం ఉంటంది, పోతంది.”

“నీ స్టేషన్ పేరు సరిగ్గా కొట్టావా?”

“కొట్టాను. నీ పేరు నా మిషన్లో, నా పేరు నీ మిషన్లో. నంబర్లు కూడా సూసుకున్నాం కదా.”

“కేబుల్ సూడు.”

“మూడుసార్లు సూశాను. గాలి హెచ్చరిక వచ్చి గంటయింది బావా. ముప్ఫయ్యెనిమిది బోట్లు సముద్రం లోపలున్నాయి.”

“నాకు తెల్దేటి? మన ఎల్లాజీ కూడా ఆ బోట్లలోనే ఉన్నాడు.”

“పోనీ నువ్వు సెప్పు, నాను వైర్‌లెస్‌లో సదివీస్తాను.”

“దగ్గరోళ్లు ఇంటారు. దూరం ఎల్లినోళ్లకి బోటులో హెచ్చరిక పెట్టె మోగాలి. అది మోగాలంటే హెచ్చరిక ఈ మిషన్నుంచి నీ మిషన్‌కి ఎల్లి, అక్కణ్నుంచి బోట్లకి పోవాలి.”

“అయితే నీ దగ్గరే ఏదో అడ్డం పడతంది. లిస్టు సదువు.”

“ఏ లిస్టు?”

“లింక్ స్టేషన్ల లిస్టు. ఎవలెవలితో మాటాడాలని నీ మిషన్‌కి సెప్పావో, అది.”

“భీమిలి. గంగవరం. ముత్యాలమ్మపాలెం. నువ్వు.”

“నిన్న అయిదన్నావు.”

“నిన్న తప్పు సెప్పాను.”

“బావా.”

“ఉండమ్మా, టీ వచ్చింది…”

“టీ తర్వాత. ముత్యాలమ్మపాలేనికీ నాకూ మధ్యలో ఏటుంది?”

“పాతది. ఒక బోటుది. పన్సెయ్యదు.”

“మరెందుకుంచావు?”

“ఉండనీ. దానివల్ల నష్టమేటి?”

“అది తనంతట తనే పిలస్తందా?”

“…నిమిషానికోసారి.”

“అదే. పిలిసినప్పుడల్లా లైను లాక్కుంటంది. అవతల ఎవలూ ఎత్తరు. ఈలోగా నాను పడిపోతన్నాను. ఆపీ.”

“ఆపితే, ఆ బోటు మిషను మళ్లీ ఎలిగినప్పుడు మనకెలా తెలస్తాది?”

“ఎన్నాళ్లయింది పిలస్తన్నావు?”

“ఏడు నెలలు.”

“ఒక్కసారైనా పలికిందా?”

“నువ్వు ఫోను పెట్టీ తల్లీ. నాను ఇంకో దారి సూత్తాను.”

“ఇంకో దారి లేదు. ఎల్లాజీ పెళ్లాం సిట్టమ్మ ఇక్కడ గుమ్మంలో నిలబడింది. మా ఆయనకి కబురందిందా అని అడగతంది. ఏటి సెప్పను?”

“సెయ్యి ఆడ్డం లేదు హేమా.”

“కళ్లు మూసుకో. నాలుగో పేరు మీద ఏలు పెట్టు. ఆపు.”

“ఏలు పెట్టాను.”

“బావా?”

“ఆపీసాను.”

“ఉండు. లింకు వచ్చింది. ఉంది… ఇంకా ఉంది. ఎల్లిపోయింది బావా, హెచ్చరిక ఎల్లిపోయింది. బోట్లు పలుకుతన్నాయి. తొమ్మిది. పద్నాలుగు. ఎల్లాజీ అందుకున్నాడు, బోటు ఎనక్కి తిప్పుతన్నాడు.”

“హేమా.”

“సెప్పు.”

“ఆ నాలుగోది ఎవలిదో నీకు సెప్పలేదు. నువ్వు తట్టుకోలేవని…”

“దొరబాబుది. నీకు తమ్ముడు, నాకు మొగుడు. నానూ ఇక్కణ్నుంచి పిలస్తానే ఉన్నాను బావా. ఇందాక గాలి హెచ్చరిక రాగానే ముందు నా పిలుపే ఆపీసాను.”