తాడు మీద రెండు వేళ్లు

ఏం చూశావో చెప్పు. ముందు ఆ ఫోను బోర్లా పెట్టి ఇలా వచ్చి కూర్చో. మీ తమ్ముడు క్రాంతిగాడు ఏమన్నాడో, అవతలి టీమువాళ్లు ఏమన్నారో, ఆ సెల్లుల్లో తీసిన వీడియోల్లో ఏం కనబడుతోందో నేను అడగలా. నిన్ను అడుగుతున్నా పరిమళా. ఆ వాలీబాల్ ఫైనల్లో గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డది నువ్వు. బయటివాళ్లు దొరక్క, పీఈటీ మేడం ఉందిగా అని నిన్ను నిలబెడితే, ‘వాళ్ల అక్కే అయినా మేడం అయితే మాకు పర్లేదు’ అన్నారట అవతలివాళ్లు. ఆఖరి బంతికి నువ్వు జెండా కిందకి దించి లోపల పడిందని చూపించావు. నీ తమ్ముడి టీము గెలిచింది, మన పల్లె గెలిచింది. అవతలివాళ్లు గొడవ చేస్తే టోర్నమెంటువాళ్లు కప్పు ఎవరికీ ఇవ్వకుండా ఆపి, రేపు పొద్దున పదింటికి నందిగామ వచ్చి నీ నోటితో చెప్పమన్నారు. అంతేగా? అంతే అయితే వచ్చిన దగ్గర్నుంచి అన్నం ముట్టకుండా ఆ గోడకి ఆనుకుని కూర్చోవడం ఎందుకు? ఆఁ, ఆఁ, సరేలే. ఇప్పుడే చెప్పొద్దు. బయట పల్లెవాళ్లు నలుగురు కుర్చీలేసుకుని కూర్చున్నారు, నీ నోట ఒక మాట తీసుకుపోదామని. కూర్చోనీ. వాళ్లకంటే ముందు నేను నీకొకటి చెప్పాలి. మీ నాయనమ్మకి కూడా చెప్పలా.

ప్రేమానందం మాస్టారి పేరు వినే ఉంటావు. చర్చి పక్క గదిలో అద్దాల బీరువా, అందులో కప్పు, కప్పు పక్కన ఫోటో. నల్ల కళ్లద్దాలాయన. ఆ ఫోటోలో ఆయన చెయ్యి ఎక్కడుందో ఎప్పుడైనా చూశావా? చూసుండవు. అందరూ కప్పే చూస్తారు. వెళ్లినప్పుడు చూడు, ఒక తాడు మీద రెండు వేళ్లు పెట్టి ఉంటాడు. ఆ వేళ్ల సంగతే నేను చెప్పేది. ఆయన మన పల్లెలో స్కూలు మాస్టారు. వాలీబాల్ ఆడితే జగ్గయ్యపేట నుంచి సైకిళ్లేసుకుని వచ్చి చూసేవాళ్లు. మనకి నెట్టు కొనే దిక్కెక్కడిది, ముక్త్యాల రేవుకి నడిచిపోయి, చేపలు పట్టేవాళ్ల దగ్గర చినిగిన వల అడిగి తెచ్చి, ఆయనే రాత్రుళ్లు కూర్చుని ముడులేసి నెట్టు చేశాడు. అట్లాంటి మనిషికి ముప్పై ఆరో ఏట కళ్లు మసకేశాయి. నీటికాసులన్నారు. బెజవాడ తిప్పారు, ఎక్కడెక్కడో తిప్పారు. రెండేళ్లలో మొత్తం పోయింది, వెలుతురు కూడా తెలిసేది కాదు. ఇంక ఆయన పని అయిపోయిందనుకున్నాం. ఒకరోజు సాయంత్రం మేం ఆడుతుంటే భార్య జయమణమ్మగారి భుజం పట్టుకుని వచ్చాడు. వచ్చి గట్టు మీద కూర్చుని కాసేపు విని, ‘ఒరే స్తెఫనూ, నువ్వు రెండు కాళ్ల మీద లేచి ఒంటికాలి మీద దిగుతున్నావురా. ఆ మోకాలు పోతుంది’ అన్నాడు. చప్పుడుతో తెలిసిందంటమ్మా. ఇదిగో, ఇదే ఆ మోకాలు. నువ్వు మందు రాసి రుద్దుతావే, ఇదే. ఆయన చెప్పినట్టే పోయింది.

ఆ రోజు నుంచి ఆయన మమ్మల్ని తయారుచేసిన తీరు ఉందే, అట్లాంటిది నేనింకెక్కడా చూళ్లా. మీ కోచింగులూ ఈలలూ ఏం లేవు. కోప్పడకు, నిన్ను అనట్లా. పొద్దుగూకే దాకా ఆడి, కాళ్లు కడుక్కుని, ఆయన వాకిట్లో వరసగా కూర్చోవాలి. ఒక్కొక్కణ్ణీ పిలిచి, ‘ఏం చూశావో చెప్పు’ అనేవాడు. అంతే. అదే కోచింగు. సుందర్రావని మాకు బంతి లేపి ఇచ్చేవాడొకడు ఉండేవాడు, వాడు మొదటిరోజు ‘అవతలోడు బాగా కొట్టాడండి’ అన్నాడు. ‘బాగా అంటే ఎంతరా? మూరెడా బారెడా? కొట్టేముందు వాడి మోచెయ్యి ఎక్కడుంది? భుజం ఎటు తిరిగింది? చూశావా, అనుకున్నావా?’ ‘అట్లా అనిపించిందండి’ అన్నాడు సుందర్రావు. ‘అనుకున్నవి నాకు చెప్పొద్దు. అనుకోవడం నాకూ వచ్చు, చీకట్లో కూర్చుని నేను చేసేది అదే. చూసింది మాత్రం చెప్పు’ అన్నాడు. ఇంక సాయంత్రం ఆయనకి చెప్పాలి కదాని ఆడేటప్పుడు కళ్లు పెట్టి చూడ్డం మొదలెట్టాం. నెల తిరక్కుండా అవతలోడు లేవకముందే వాడు ఎటు కొడతాడో మాకు తెలిసిపోయేది. కళ్లున్న మా ఆరుగురికి చూడ్డం నేర్పింది కళ్లు లేని మనిషి. ఆట ఒక్కటే కాదమ్మా. పత్తి ఎట్లా పగిలింది, ఎవరింటి గోడ కూలింది, మా అమ్మ ముఖం ఇవాళ ఎట్లా ఉంది, అన్నీ అడిగేవాడు. నేను పొలం నుంచి రాగానే ముందు ఆయన దగ్గరికే. నేను చెబుతుంటే ఆయన ముఖంలో అవన్నీ కదిలేవి. మేం ఆడే చోటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక బోదె, పొలాలకి నీళ్లు పోయే చిన్న కాలవ, ఉండేది, దాని మీద ఒకే ఒక్క తాటి దుంగ. ‘ఇప్పుడు, కుడికాలు’ అని నేననేవాణ్ణి. కర్ర చంకలో పెట్టుకుని, తడుముకోకుండా, రోడ్డు మీద నడిచినట్టు నడిచేసేవాడు దుంగ మీద. నా మాట మీద.

తాడు సంగతికి వస్తున్నా. నెట్టు కట్టే గుంజ పడిపోకుండా దాన్నుంచి ఒక తాడు లాగి నేలలో గూటానికి కడతారు కదా. ఆయన ఆ గూటం పక్కన స్టూలేసుకుని, తాడు మీద రెండు వేళ్లు పెట్టి కూర్చునేవాడు. బంతి నెట్టుకి తగిలితే తాడు ఒక్కసారి అదిరి ఊరుకుంటుందట. చెయ్యి తగిలితే అట్లా కాదు, లాగి వదిలినట్టు ఉంటుందట. మేం నమ్మక, ఆయనకి తెలియకుండా ఒకడు వెళ్లి చిటికెనవేలితో నెట్టుని తాకేవాడు. ‘ఎవడ్రా అది, చెయ్యి తియ్యి’ అనేవాడు. ఎన్నిసార్లు చేసినా ఒక్కసారి తప్పలా. గాలికి ఊగినా చెప్పేవాడు, పిచ్చుక వాలినా చెప్పేవాడు. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏదో పెద్ద ఏటి ముందు నిలబడ్డట్టు ఉంటుంది.

దివిసీమ ఉప్పెన వచ్చిందే, దాని మరుసటేడు. జగ్గయ్యపేటలో టోర్నమెంటు పెట్టారు. అంతకుముందు పల్లె టీములని పిలిచేవాళ్లు కాదు. ఎందుకు పిలవరని నేనే పోయి దశరథరామయ్యగారి వాకిట్లో నిలబడి అడిగా. ఆయన టోర్నమెంటు పెద్ద. నాకప్పుడు ఇరవై రెండు, కూలి రేట్ల కోసం దెబ్బలు తిని ఉన్నా, ఎవరికీ జంకేవాణ్ణి కాదు. ‘ఆడతారా, ఆడండి, మాకేం, ఓడిపోయి ఏడవకండి’ అన్నాడాయన. ఆడాం. ఒక్కొక్క టీమునీ పడేసుకుంటూ ఫైనల్ దాకా వచ్చాం. ఫైనల్ రోజు రెండు ట్రాక్టర్లు కట్టుకుని పల్లె మొత్తం వచ్చింది. ఆడవాళ్లు చర్చికి కట్టుకునే చీరలు కట్టుకుని, పులిహోర మూటలు పెట్టుకుని వచ్చారు. మా అమ్మ పుట్టాక పేటలో కూర్చుని ఏదన్నా చూసింది అదే మొదలు. అదివరకు ఎప్పుడెళ్లినా మిరపకాయలు తొడిమలు తియ్యడానికే. మాస్టారికి గూటం పక్కన స్టూలు వేయించా. అంపైరు అవతలి గుంజ దగ్గర బల్ల మీద. అయిదో ఆట. పద్నాలుగు పదమూడు, సర్వీసు మాది. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మాది. అప్పట్లో సర్వీసు ఎవరిదో వాళ్లకే పాయింటు వచ్చేది కదా. వాళ్లలో చంద్రమౌళి అని మహా కొట్టేవాడు. వాడు లేచాడు, నేనూ లేచా. వాడి మోచెయ్యి చూశా, భుజం చూశా, ఎటు వస్తుందో తెలుసు, రెండు చేతులూ అక్కడ పెట్టా. బంతి నా చేతులకి కొట్టుకుని వాళ్ల కోర్టులోనే పడింది. ఈల ఊదారు. జనం లేచిపోయారు. మా అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

నా ఎడమ చెయ్యి నెట్టుకి తగిలిందమ్మా. మణికట్టు దగ్గర. ఎంత, ఒక గడ్డిపోచ ఆనినంత. అంపైరుకి చంద్రమౌళి ఒళ్లు అడ్డం, కనబడలా. కానీ వాళ్లవాళ్లు నెట్టు తగిలింది, తగిలింది అని మొదలెట్టారు. దశరథరామయ్యగారు లోపలికొచ్చాడు. వాళ్లలో ఒకడు నవ్వుతూ ‘వాళ్ల గుడ్డి మాస్టారు తాడు పట్టుకుని కూర్చున్నాడుగా, ఆయన్నే అడగండి’ అన్నాడు. అందరూ నవ్వారు. ఎగతాళికే అన్నాడు. మాస్టారు లేచి నిలబడ్డాడు. నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. ‘తాడు లాగి వదిలిందండి. చెయ్యే తగిలింది. ఇద్దరు లేచారు, ఎవరి చెయ్యో తాడు చెప్పదు’ అన్నాడు. చంద్రమౌళిని అడిగితే నాది కాదన్నాడు, మా అమ్మ తోడన్నాడు. వాడి చెయ్యైతే పాయింటు మాదే. నా చెయ్యైతే సర్వీసు వాళ్లకి పోతుంది, ఆట ఇంకా ఉంటుంది. మాస్టారు ముఖం నా వైపు తిప్పాడు. నేను ఎక్కడ నిలబడ్డానో ఎట్లా తెలుసో. రోజూ వాకిట్లో అడిగినట్టే, అదే గొంతుతో, ‘స్తెఫనూ, ఏం చూశావో చెప్పు’ అన్నాడు. నేను మా అమ్మ వైపు చూశా. ఆ ట్రాక్టర్లు చూశా. వీళ్లు మనల్ని ఎన్నేళ్లు మోసం చెయ్యలేదు, కొలతల్లో చెయ్యలేదా, కూలిలో చెయ్యలేదా, ఒక్క గడ్డిపోచంత మనం తీసుకుంటే ఏం అనుకున్నా. అది అబద్ధం కాదు కూడా, నిజంగానే మోసం చేశారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు నెత్తురు కాగుతుంది. ‘నా చెయ్యి తగల్లేదండీ’ అన్నా. మాస్టారు తలూపాడు. ‘సరే’ అని కూర్చున్నాడు. కప్పు మాకిచ్చారు. ఆ ఫోటో అప్పుడు తీసిందే. చూడు, వేళ్లు ఇంకా తాడు మీదే ఉంటాయి.

ఆయనకి తెలుసా అంటావా? తెలుసు. నేను ఎట్లా లేస్తానో, ఏ కాలి మీద దిగుతానో తెలిసిన మనిషికి అది తెలియదా? మర్నాడు కోప్పడతాడేమో అని చూశా. కోప్పడితే పోట్లాడదామని మాటలు కూడా సిద్ధం చేసుకున్నా. ఒక్క మాట అన్లా. ఎప్పటిలాగే వాకిట్లో కూర్చోబెట్టి అందరినీ అడిగాడు, నన్నూ అడిగాడు, చెప్పా, విన్నాడు. విని, పక్కకి తిరిగి, ‘అంతేనంట్రా సుందర్రావూ?’ అన్నాడు. అదివరకు ఎప్పుడూ ఒకడు చెప్పింది ఇంకొకణ్ణి అడగలా. తర్వాత బోదె దగ్గరికి వచ్చాం. నేను ‘ఇప్పుడు, కుడికాలు’ అన్నా. ఆయన ఆగాడు. చంకలో కర్ర తీశాడు. దుంగని రెండుసార్లు తట్టి చూసుకుని, అప్పుడు అడుగేశాడు. నా మీద అదివరకు లాఠీలు పడ్డాయి, ఆ తర్వాతా పడ్డాయి. ఇళ్లస్థలాల కోసం వత్సవాయి ఆఫీసు ముందు పదకొండు రోజులు ఎండలో కూర్చున్నా. ఆ రెండు తట్లు తగిలినంత నాకేదీ తగల్లా.

ఆ చంద్రమౌళి కూడా, పాపం, వాళ్ల వాళ్లే వాణ్ణి అనుమానించారు. ఆ తర్వాత సంతలో ఎక్కడ ఎదురుపడినా నా ముఖం చూసేవాడు కాదు, నా ఎడమ చెయ్యి చూసేవాడు. చెబుదామనే అనుకునేవాణ్ణి. మాస్టారికైనా చెబుదామని ఎన్నిసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్లానో. లోపలికి పోగానే కూలి రేట్లూ, వానలూ మాట్లాడేవాణ్ణి. ఇరవై ఏళ్లు అట్లాగే గడిపా. ఆఖర్న మంచాన పడ్డాడు. చూడ్డానికి వెళ్లా, తడిసి వెళ్లా, నా లాల్చీ నుంచి నీళ్లు కారుతున్నాయి. ‘ఎవరూ, స్తెఫనేనా? బయట వానా?’ అన్నాడు. ‘వానేనండి, బాగా పడుతోంది’ అన్నా. ఆయన తల అటు తిప్పి, ‘జయమణీ, వాన పడుతోందా?’ అని అడిగాడు.

ఏంటీ, తలుపు కొడుతున్నారా? కొట్టనీ, కూర్చోమన్నానుగా. తమ్ముడు ఏడుస్తాడని నాకూ తెలుసు. పల్లె అంతా మన ముఖం చూడదనీ తెలుసు, మొన్నటి దాకా నా పక్కన కూర్చున్నవాళ్లే రేపు లేచిపోతారు. అవన్నీ నాకొదిలెయ్. నా కళ్లు కూడా మసకేస్తున్నాయమ్మా, నువ్వు చెబితేనే నాకు ఏదన్నా కనబడేది. ఇప్పుడు చెప్పు తల్లీ. జెండా దించకముందు, నీ కళ్లకి బంతి ఎక్కడ పడింది?